విత్తనం సంచి మీద ఆ మూడు మాటలు రాయాలి

ఫిలింనగర్‌లో ఒక సినిమా తయారైతే దానికి పనిచేసినవాళ్ళ పేర్లన్నీ తెర మీద పడతాయి. హీరో, దర్శకుడు సరే. కెమెరా పట్టినాయన, పాట రాసినాయన, ఫైట్లు నేర్పినాయన, సెట్టు వేసిన మేస్త్రి, ప్రొడక్షన్‌లో భోజనాలు చూసుకున్నవాళ్ళు, అందరి పేర్లూ వేస్తారు. కష్టపడ్డవాడికి ఇచ్చే మర్యాద అది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఏ కుర్రాణ్ణి ఆపి అడిగినా ఏ సినిమాకి సంగీతం ఎవరిదో టక్కున చెప్పేస్తాడు. పొద్దున తిన్న అన్నం ఏ రకం వడ్లదో, ఆ రకాన్ని ఎవరు తయారుచేశారో అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తాడు.

పట్నం కుర్రాణ్ణి అని ఏం లాభం? ఏళ్ళ తరబడి అదే రకాన్ని నాటుతున్న మనలో ఎందరికి తెలుసు? దుకాణానికి వెళ్ళి "బీపీటీ ఇవ్వు, వెయ్యిపది ఇవ్వు" అంటాం. సంచి భుజాన వేసుకుని వస్తాం. అది ఎక్కడ పుట్టింది, ఎవరు పుట్టించారు, దాని బలమేమిటి, బలహీనత ఏమిటి అని ఎప్పుడైనా అడిగామా? అడిగినా చెప్పేవాళ్ళున్నారా? సంచి మీద కంపెనీ బొమ్మ పెద్దగా ఉంటుంది. విత్తనాన్ని సృష్టించిన వాళ్ళ ఊసు ఎక్కడా కనపడదు.

ఇది ఉత్త మర్యాద విషయమే అయితే దీనికోసం ఇంత రాయక్కర్లేదు. మన వరిలోకి ఇప్పుడు కొత్త శాస్త్రం వస్తోంది. ఎవరు చేశారో, ఏం మార్చారో, ఏం హామీ ఇచ్చారో తెలియకుండా సంచి కొంటే రేపు నష్టం వచ్చినప్పుడు ఎవర్ని నిలదీస్తాం? సినిమా బాగాలేకపోతే టికెట్టు డబ్బులు పోతాయి. విత్తనం బాగాలేకపోతే ఏడాది పోతుంది.

నెంబరు కాదు, అడ్రసు

ముందుగా మన పాత విత్తనాల పేర్లు చదవడం నేర్చుకుందాం. బీపీటీ అంటే బాపట్ల. ఎంటీయూ అంటే పశ్చిమగోదావరి జిల్లా మారుటేరు. జేజీఎల్ అంటే జగిత్యాల. డబ్ల్యూజీఎల్ అంటే వరంగల్. కేఎన్ఎం అంటే కూనారం. ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు. ఆర్ఎన్ఆర్ అంటే మన రంగారెడ్డి జిల్లాలోని రాజేంద్రనగర్. ఆ అక్షరాలు ఒక్కో పరిశోధనా కేంద్రం చిరునామా. పక్కనున్న అంకె అక్కడ వందలు, వేల పిల్లమొక్కల్లోంచి ఏరి నిలబెట్టిన వరుస సంఖ్య.

బీపీటీ 5204, అదే సాంబమసూరి, 1986లో విడుదలైంది. దక్షిణాది పాత సన్నరకం జీఈబీ 24, తైవాన్ పొట్టిరకం తైచుంగ్ నేటివ్ 1, మసూరి, ఈ మూడింటి రక్తం అందులో ఉంది. 'కర్నూలు సోనా' అని పేరుపెట్టి పట్నంలో అమ్మే సన్నబియ్యం చాలావరకు ఈ సాంబమసూరే. జూబ్లీహిల్స్ బంగళాలో వండేదీ, ఫిలింనగర్ హోటల్లో ప్లేటు భోజనంలో పెట్టేదీ ఇలాంటి సన్నాలే.

మారుటేరు కేంద్రం 1925లో మొదలైంది. అక్కడ పుట్టిన స్వర్ణ (ఎంటీయూ 7029) 1982లో వచ్చి తూర్పు రాష్ట్రాల పల్లపు పొలాలన్నీ ఆక్రమించింది, బంగ్లాదేశ్ దాకా పోయింది. 2000లో వచ్చిన కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) కృష్ణవేణి, ఐఆర్ 64 రకాల సంకరం. 120 రోజుల పంట. మన దగ్గర యాసంగిలో బోరు కింద వడ్లు పండించేవాళ్ళకు దాన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

రాజేంద్రనగర్ సంగతి మరీ చిత్రం. అఖిల భారత వరి పరిశోధనా పథకం 1965లో అక్కడే మొదలైంది. దానికి మొదటి సారథి మన తెలుగాయన డాక్టర్ ఎస్.వి.ఎస్. శాస్త్రి. దేశమంతా పేరు తెచ్చుకున్న పొట్టి వరి 'జయ' 1968లో ఆయన నాయకత్వంలోనే వచ్చింది. ఆ పథకమే పెరిగి పెద్దదై ఇప్పుడు భారత వరి పరిశోధన సంస్థ అయింది. చేవెళ్ల, షాబాద్ నుంచి కూరగాయలు వేసుకుని మెహిదీపట్నం రైతుబజారుకు పోయే మన రైతులు దానికి కూతవేటు దూరంలోంచే పోతుంటారు. ఫిలింనగర్ ఎక్కడుందో అందరికీ తెలుసు. ఈ సంస్థ ఎక్కడుందో అడిగితే చాలామంది తల గోక్కుంటారు.

తెగులుకు మాలి నుంచి మందు

సాంబమసూరికి గింజ సన్నం, అన్నం కమ్మన, మార్కెట్లో గిరాకీ. కాని బలహీనతలూ ఉన్నాయి. దాదాపు 150 రోజులు పొలంలో ఉంటుంది. అగ్గితెగులుకు లొంగుతుంది. సుడిదోమను తట్టుకోలేదు. ఇక బాక్టీరియా ఎండాకు తెగులు వచ్చిందంటే ఆకు చివర నుంచి అంచుల వెంట ఎండుకుంటూ వస్తుంది, కంకి తాలు పోతుంది. దానికి నమ్మకంగా పనిచేసే మందు లేదు. రైతు నత్రజని ఆపి, నీళ్ళు తీసేసి, దేవుడి మీద భారం వేస్తాడు.

దీనికి మందు పొలం బయట కాదు, విత్తనం లోపల వెతికారు. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరిలో ఈ తెగులును తట్టుకునే జన్యువు ఒకటుంది. పేరు ఎక్స్ఏ 21. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని పమేలా రొనాల్డ్ బృందం 1995లో ఆ జన్యువును విడదీసి చూపించింది. మన హైదరాబాదులో హబ్సిగూడ సీసీఎంబీకి చెందిన డాక్టర్ రమేష్ వి. సొంటి, రాజేంద్రనగర్ వరి శాస్త్రజ్ఞులు కలిసి ఎక్స్ఏ 21తోపాటు మరో రెండు నిరోధక జన్యువులను సాంబమసూరిలోకి తెచ్చారు. మామూలు సంకరం పద్ధతిలోనే తెచ్చారు. ఏ పిల్లమొక్కలో ఆ మూడు జన్యువులూ ఉన్నాయో ప్రయోగశాలలో గుర్తుపట్టి, దాన్నే మళ్ళీ మళ్ళీ సాంబమసూరితో కలుపుతూ పోయారు. అలా వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబమసూరి 2008లో విడుదలైంది. అన్నం రుచీ సన్నదనమూ అలాగే ఉండి, తెగులును తట్టుకునే శక్తి వచ్చింది.

స్వర్ణ కథా ఇలాంటిదే. ఒడిశా రైతుల పాత రకం ఒకటి వరదలో మునిగినా చావదు. ఆ గుణానికి కారణమైన సబ్1 జన్యువును 2006లో శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో డేవిడ్ మాకిల్ బృందం దాన్ని మన స్వర్ణలోకి తెచ్చింది. స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల పాటు నీళ్ళలో మునిగినా మళ్ళీ చిగురు వేస్తుంది.

చూడండి, మారుటేరు విత్తనం, ఒడిశా రైతు దాచిన గుణం, ఫిలిప్పీన్స్ ప్రయోగశాల. బాపట్ల విత్తనం, మాలి అడవి గడ్డి, హబ్సిగూడ పరికరాలు. మంచి విత్తనం ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందులో ఎక్కడో ఒక చోట ఒక పేద రైతు చేయి తప్పకుండా ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. తరువాత హక్కుల దగ్గర మళ్ళీ అవసరపడుతుంది.

'కమల' అంటే ఏమిటి?

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణతో తయారైన వరి రకాలు మన దేశంలో అవే మొదటివి. రెండింటికీ తల్లి మన తెలుగునేల విత్తనమే. సాంబమసూరి నుంచి వచ్చినది డీఆర్ఆర్ ధన్ 100, ముద్దుపేరు 'కమల'. దీన్ని చేసింది రాజేంద్రనగర్‌లో. కాటన్‌దొర సన్నాల నుంచి వచ్చినది పూసా డీఎస్‌టీ 1. దీన్ని చేసింది ఢిల్లీ పూసా సంస్థలో.

కమలను చేసినవాళ్ళ పేర్లు ఇవి: డాక్టర్ సతేంద్ర కుమార్ మంగ్రౌథియా, డాక్టర్ ఆర్.ఎం. సుందరం, డాక్టర్ ఆర్. అబ్దుల్ ఫియాజ్, డాక్టర్ సి.ఎన్. నీరజ, డాక్టర్ ఎస్.వి. సాయిప్రసాద్. వీళ్ళలో సుందరం గారి పేరు పాతదే. ఎండాకు తెగులును తట్టుకునే సాంబమసూరి గురించి 2008లో అచ్చయిన పరిశోధనాపత్రంలో మొదటి పేరు ఆయనదే. కమల ప్రకటించేనాటికి ఆయన ఆ సంస్థకు సంచాలకులు. ఒకే విత్తనం వెంట ఒక మనిషి ఇన్నేళ్ళు నడిచాడన్నమాట.

ఇంతకీ ఏం మార్చారు? వరి కంకిలో గింజలు ఎన్ని పట్టాలో నిర్ణయించే వాటిలో సైటోకైనిన్ అనే హార్మోను ఒకటి. కంకి తయారయ్యే చోట అది ఎక్కువగా ఉంటే కొమ్మలు, గింజలు ఎక్కువ కడతాయి. అయితే మొక్కలోనే దాన్ని కరిగించేసే పదార్థం ఒకటి తయారవుతుంది. ఆ పదార్థాన్ని తయారుచేయించే జన్యువు పేరు సీకేఎక్స్2. ఈ సంగతి 2005లో జపాన్ నగోయా విశ్వవిద్యాలయంలో అషికారి, మత్సువోకా బృందం కనిపెట్టింది. అక్కడి ఒక రకంలో ఈ జన్యువు సహజంగానే బలహీనంగా ఉండి, కంకికి గింజలు ఎక్కువ పట్టడం చూశారు.

రాజేంద్రనగర్‌లో చేసింది సాంబమసూరిలో ఆ జన్యువును కత్తిరించి బలహీనపరచడమే. కత్తెర పేరు క్రిస్పర్. దీన్ని 2012లో లోకానికి చూపిన ఎమాన్యుయేల్ షార్పెంటియర్, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు మహిళా శాస్త్రజ్ఞులకు 2020లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. జన్యువులో ఎక్కడ కత్తిరించాలో ముందే గుర్తుపెట్టి పంపితే కత్తెర అక్కడికి పోయి కత్తిరిస్తుంది. మొక్క ఆ గాయాన్ని తనే మాన్పుకుంటుంది. మానేటప్పుడు అక్షరం అటూ ఇటూ అవుతుంది, జన్యువు పని మారిపోతుంది. తరువాతి తరాల్లో కత్తెర లేని మొక్కల్ని ఏరుకుంటారు.

బీటీ పత్తికీ దీనికీ తేడా ఇక్కడే. బీటీ పత్తిలో నేలలో ఉండే బాక్టీరియా జన్యువును తెచ్చి పెట్టారు. కమలలో బయటి జన్యువు మిగలదు. ఉన్నదాన్నే సవరించారు. అందుకే 2022 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇలాంటి సవరణలను జన్యుమార్పిడి పంటలకు వర్తించే కఠిన నిబంధనల నుంచి మినహాయించింది. తేడా తెలియక "ఇది విషం" అనడం తొందరపాటు. అదే తేడా చూపించి "ఇక ప్రశ్నలే అడగొద్దు" అనడం అంతకన్నా పెద్ద తొందరపాటు.

లెక్క మన పొలంలో తేలాలి

ప్రకటనలో చెప్పినవి మూడు మాటలు. దిగుబడి సాంబమసూరి కన్నా 19 శాతం ఎక్కువ. కోత దాదాపు 20 రోజులు ముందు. దానివల్ల మూడు తడుల నీళ్ళు మిగులు. హెక్టారుకు సగటున సాంబమసూరి 4.5 టన్నులైతే కమల 5.37 టన్నులని చెప్పారు. మన లెక్కలోకి మార్చుకుంటే ఎకరాకు 18 క్వింటాళ్ళ చోట దాదాపు 22 క్వింటాళ్ళు. మూడున్నర క్వింటాళ్ళు ఎక్కువ. చిన్న రైతుకు అది చిన్న మాట కాదు. నాకైతే అంతకన్నా పెద్ద మాట ఆ 20 రోజులదే. బోరు గుక్కలు గుక్కలుగా పోస్తున్నప్పుడు, పొట్టదశలో మడి నెర్రెలిస్తున్నప్పుడు, ఆఖరి మూడు తడులు ఎంత విలువైనవో మెట్టప్రాంతపు రైతుకు వేరే చెప్పాలా?

అయితే ఇవి పరిశోధనా కేంద్రాల పొలాల్లో 2023, 2024లో జరిగిన పరీక్షల సగటు లెక్కలు. సగటు అంటే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. మన పొలం ఏ వైపు పడుతుందో ఆ సగటు చెప్పదు. 2025 అక్టోబరులో జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించే సంఘాల కూటమి ఈ అంకెల మీదే తగువు పెట్టింది. పరీక్షల నివేదికలకూ ప్రకటనకూ పొత్తు కుదరడం లేదని, కొన్ని చోట్ల కొత్త రకం తల్లిరకాన్ని మించలేదని ఆరోపించింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది.

ఎవరిది నిజమని తేల్చడానికి రైతు కోర్టులో జడ్జి కాదు. తేల్చే మార్గం మాత్రం ఒకటుంది. ఏ కేంద్రంలో ఎంత పండింది, ఎంత ఎరువు వేశారు, ఏ తెగులు ఎంత వచ్చింది అన్న లెక్కల్ని తెలుగులో అచ్చేసి ప్రతి రైతువేదికలో గోడకు అంటించాలి. మండలానికి పదిమంది చిన్న రైతుల పొలాల్లో, వాళ్ళ చేతులమీదుగా, పక్కపక్కన రెండు మడుల్లో పాతదీ కొత్తదీ నాటించి, కోత రోజున అందరి ముందూ తూకం వెయ్యాలి. శాస్త్రం నిజమైతే తూకానికి భయపడదు.

ఇంకొకటి. సవరించింది గింజల సంఖ్యకు సంబంధించిన జన్యువును. తెగుళ్ళ జన్యువుల జోలికి పోలేదు. కనుక "కొత్త విత్తనం, మందులక్కర్లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. అగ్గితెగులు, ఎండాకు తెగులు, దోమ విషయంలో సాంబమసూరికి ఎంత కాపలా కాస్తారో దీనికీ అంతే కాయాలి.

రెండో రకం పూసా డీఎస్‌టీ 1 కరువునూ ఉప్పునూ తట్టుకునే దిశగా చేసినది. సముద్రతీరపు ఉప్పునేలల్లో కాటన్‌దొర సన్నాల కన్నా 30 శాతం, చౌడు నేలల్లో 14 శాతం పైన ఎక్కువ పండుతుందని ప్రకటనలో చెప్పారు. దానికీ పైన చెప్పిన తూకమే వర్తిస్తుంది.

దాచుకునే హక్కు ఎవరిది?

ఇక అసలు సంగతి. బీటీ పత్తి 2002లో వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1600 రూపాయల పైన అమ్మారు. అందులో పెద్దభాగం జన్యువు మీద రుసుము పేరుతో పోయింది. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్త వ్యాపారాల నియంత్రణ కమిషన్ దాకా పోయి పోరాడితే గాని ధర 750కి దిగలేదు. అప్పటికే పత్తి రైతులు నాలుగేళ్ళు ఆ ధర కట్టారు. ఆ పాఠం మనం మరిచిపోకూడదు.

కమల ప్రభుత్వ సంస్థ చేసిన విత్తనం. మన పన్నుల డబ్బుతో 2018లో మొదలైన పని. అయితే చేసిన కత్తెర మీద విదేశీ సంస్థల పేటెంట్లున్నాయి. ఆ లెక్క ప్రభుత్వమూ ఆ సంస్థలూ తేల్చుకోవాలి. దాని భారం రైతు కొనే సంచి మీద పడకూడదు. బాపట్ల శాస్త్రజ్ఞులు సాంబమసూరిని రైతుకు ఇచ్చినప్పుడు రాయల్టీ అడగలేదు. ఒడిశా రైతు తన వరదవరిని ప్రపంచానికి ఇచ్చినప్పుడు పేటెంటు రాయించుకోలేదు. అలాంటి పునాదుల మీద కట్టిన ఇంటికి ఇప్పుడు గుమ్మంలో టోల్ గేటు పెడతామంటే ఒప్పుకోకూడదు.

చట్టం రైతు పక్షానే ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుహక్కుల చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, ఇరుగుపొరుగుతో ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు వేసి సంచీ కట్టి అమ్మడం ఒక్కటే కుదరదు. అదే సెక్షన్‌లో ఇంకో మంచి మాట ఉంది. చట్టం కింద నమోదైన రకం విత్తనం అమ్మేవాడు ఏ పరిస్థితుల్లో ఎంత పండుతుందో రైతుకు ముందే చెప్పాలి. చెప్పినట్టు పండకపోతే రైతు పరిహారం అడగవచ్చు. ఈ హక్కును వాడుకున్నవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళు తక్కువ కనుక.

పేరు ముందొస్తుంది, విత్తనం తరువాత

రకం ప్రకటించిన మర్నాడే రైతుకు విత్తనం దొరకదు. శాస్త్రజ్ఞుడి చేతిలోని బ్రీడర్ విత్తనం నుంచి ఫౌండేషన్ విత్తనం, దాన్నుంచి సర్టిఫైడ్ విత్తనం కట్టాలి. మెట్టు మెట్టుకూ కనీసం ఒక పంటకాలం. ఈలోగా పేరు మాత్రం ఊరూరా పాకిపోతుంది. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించాక, 2025లో రేషను షాపుల్లో సన్నబియ్యం మొదలయ్యాక సన్నాల విత్తనానికి గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్నచోట నకిలీగాడు ఉంటాడు. మామూలు వడ్లకు కమల బొమ్మ అంటించి రాత్రికి రాత్రి డీసీఎంలో దింపడానికి వాడికి ఎంతసేపు? విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదంటారు గాని, సంచి మీద ఒక పేరు, సంచిలో ఇంకో విత్తు ఉంటే మొలిచేది ఆ ఇంకోటే.

అందుకే రైతు సోదరులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. సంచికి కుట్టిన ట్యాగు రంగు చూడండి. బ్రీడర్ విత్తనానికి పసుపు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం. లాటు నెంబరు రాసిన బిల్లు తీసుకోండి. బిల్లు, ట్యాగు, ఖాళీ సంచి, గుప్పెడు విత్తనం కోత అయ్యేదాకా ఇంట్లో దాచండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అవే సాక్ష్యాలు. కొత్త రకం ఏదైనా మొదటి ఏడాది పొలమంతా వెయ్యకండి. పది గుంటల్లో వేసి చూడండి. బాగుంటే మరుసటి ఏడాదికి విత్తనం మీ గరిసెలోనే ఉంటుంది.

ఫిలింనగర్‌కు ఒక మాట, సర్కారుకు ఒక మాట

తెలుగు సినిమాకు రైతు కొత్త కాదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు. 1955లో 'రోజులు మారాయి', 1976లో 'పాడిపంటలు', ఈమధ్య 2019లో 'మహర్షి', 2021లో 'శ్రీకారం' వచ్చాయి. ఫిలింనగర్‌లో స్టూడియో కట్టిన రామానాయుడు గారిది కారంచేడు. సాంబమసూరి పుట్టిన బాపట్ల పేరుతో 2022లో ఏర్పడ్డ జిల్లాలోకే ఆ ఊరు వచ్చింది. నాగలి, కాడి, అప్పు, భూమి తగాదా అన్నీ తెర మీద చూశాం. హీరో నాగలి పడితే ఈలలు వేశాం. కాని ఒక కంకిని పట్టుకుని పదేళ్ళు కూర్చున్న మనిషి కథ చూడలేదు. మోకాలిలోతు బురదలో నిలబడి, చిమటాతో పూత విప్పి, పిల్లమొక్కల్ని ఒక్కొక్కటే పారేస్తూ, ఆఖరికి మిగిలిన ఒక్కదానికి నెంబరు రాసేవాడి కథలో ఫైట్లుండవు నిజమే. ఆ పని జరగకపోతే మాత్రం సెట్టులో మధ్యాహ్నం విస్తరి వేసే వీలుండదు. కథల కోసం దూరదేశాలు తిరిగే నిర్మాతలు ఒకసారి పక్కనే ఉన్న రాజేంద్రనగర్ దాకా రావచ్చు.

సినిమా తీస్తారో లేదో వాళ్ళ ఇష్టం. సర్కారును మాత్రం ఇష్టమై చెయ్యమని అడగడం లేదు, చేసి తీరాలంటున్నాం. కమల అయినా, మరో పేరైనా, రేపు వచ్చే ప్రతి విత్తనం సంచి మీద తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో మూడు మాటలు అచ్చు వెయ్యాలి.

ఒకటి, ఈ రకాన్ని ఏ కేంద్రంలో, ఎవరు, ఏ విత్తనం నుంచి, ఏం మార్చి తయారుచేశారు.

రెండు, మన జిల్లా నేలల్లో ఎంత పండుతుంది, ఏ తెగులుకు లొంగుతుంది.

మూడు, దీన్ని దాచుకుని మళ్ళీ వేసుకునే హక్కు రైతుకు ఉంది, రుసుము లేదు.

మొదటి మాట శాస్త్రజ్ఞుడికి గౌరవం, రెండోది రైతుకు భరోసా, మూడోది అందరికీ న్యాయం. దీనికి కోట్లు ఖర్చు కాదు, సంచికి నాలుగు లైన్ల సిరా చాలు. ఆ నాలుగు లైన్లు వచ్చేదాకా వానాకాలం ముందు జరిగే ప్రతి రైతు సదస్సులో, వ్యవసాయాధికారి వచ్చిన ప్రతిసారీ, దుకాణం మెట్టెక్కిన ప్రతిసారీ మనం అడుగుతూనే ఉండాలి: "ఈ విత్తనం ఎవరిది? ఇందులో ఏముంది? నేను దాచుకోవచ్చా?"